టీవీ పవర్ సప్లై లోపాలు: ఇంట్లో పరీక్షించుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

టీవీ వెలగడం లేదని చెప్పగానే "పవర్ బోర్డు పోయింది, మార్చాల్సిందే" అనే తీర్పు మన దగ్గర చాలా తొందరగా వెలువడుతుంది. గోడ కరెంటును టీవీకి కావలసిన ఓల్టేజీలుగా మార్చే ఈ బోర్డును మార్చాక కూడా వెలగకపోతే అనుమానం బొమ్మను, ధ్వనిని నడిపే మెయిన్ బోర్డు మీదికి, అక్కడి నుంచి తెర అంటే ప్యానెల్ మీదికి పోతుంది. లోపం ఏ బోర్డులో ఉందో ముందే కొలిచి తెలుసుకుంటే ఈ ఖర్చులో చాలా భాగం తప్పుతుంది. మళ్లీ మళ్లీ ఎదురయ్యే సందేహాలను దశలవారీగా ఇక్కడ చేర్చాను. జవాబులు 230 ఓల్టుల కరెంటు మీద నడిచే ఎల్‌సీడీ, ఎల్ఈడీ టీవీలకు వర్తిస్తాయి. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నను విడిగా చదువుకోవచ్చు.

## మూత విప్పకముందు

ఎర్ర లైటు కూడా వెలగడం లేదు. టీవీ పూర్తిగా పోయినట్టేనా?

అలా అనుకోనవసరం లేదు. గోడ సాకెట్ నుంచి లోపలి బోర్డు వరకు ఎక్కడ కరెంటు ఆగినా ఈ లైటు వెలగదు. ముందుగా అదే సాకెట్‌లో టేబుల్ ఫ్యానో మిక్సీయో పెట్టి నడిపి చూడండి. మొబైల్ ఛార్జర్‌తో చూడడం సరైన పరీక్ష కాదు, ఎందుకంటే అది చాలా తక్కువ కరెంటుతో నడుస్తుంది కనుక లూజు కాంటాక్టు బయటపడదు. తర్వాత స్టెబిలైజర్‌ను, ఎక్స్‌టెన్షన్ బోర్డును తప్పించి టీవీని నేరుగా గోడ సాకెట్‌కు కలపాలి. టీవీ తీగ వెనక నుంచి ఊడి వచ్చే రకమైతే అదే రకం తీగ మరొకటి పెట్టి చూడవచ్చు. గోడకు బిగించిన టీవీల తీగలు మడత పడిన చోట లోపల తెగిపోవడం మామూలే. కొన్ని టీవీలకు కింది అంచున మెయిన్ స్విచ్ ఉంటుంది, కొన్ని మోడళ్లలో ఈ ఎర్ర లైటును (స్టాండ్‌బై లైటు) సెట్టింగులలోనే ఆపివేసే వీలుంటుంది. ఇవన్నీ సరిచూశాకే లోపం లోపల ఉందని భావించాలి.

టెస్టర్ పెడితే వెలుగుతోంది. సాకెట్‌లో కరెంటు ఉన్నట్టే కదా?

టెస్టర్ వెలగడం ఫేజు ఉందని మాత్రమే చెబుతుంది. న్యూట్రల్ తీగ తెగిపోయినా టెస్టర్ అలాగే వెలుగుతుంది, టీవీ మాత్రం నడవదు. మల్టీమీటర్‌ను ఏసీ ఓల్టుల మీద ఉంచి ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య కొలిస్తే సుమారు 230 రావాలి. ఫేజుకూ ఎర్తుకూ మధ్య 230 చూపించి, న్యూట్రల్‌తో కొలిచినప్పుడు చూపించకపోతే న్యూట్రల్ తెగినట్టు. సాకెట్ రెండు రంధ్రాలలోనూ టెస్టర్ వెలిగినా ఎక్కువసార్లు అదే అర్థం: తెగిన చోటికి ఇవతల, ఇంట్లో ఆన్‌లో ఉన్న మరో ఉపకరణం గుండా ఫేజు తిరిగి వస్తోంది. ఈ లోపం ఎలక్ట్రీషియన్ సరిచేయవలసినది. టీవీని విప్పవలసిన పని లేదు.

ఎర్ర లైటు వెలుగుతోంది, రిమోట్ నొక్కినా టీవీ ఆన్ కావడం లేదు. ఏమై ఉంటుంది?

ఈ లక్షణం ఒక మంచి సమాచారం ఇస్తోంది: ఫ్యూజు బాగుంది, టీవీ ఆపి ఉన్నప్పుడూ ఉండే స్టాండ్‌బై ఓల్టేజీ వస్తోంది. ముందు రిమోట్‌ను పక్కన పెట్టి టీవీకే ఉన్న బటన్‌తో ఆన్ చేసి చూడండి. అప్పుడూ కదలిక లేకపోతే రెండు అవకాశాలు ఉంటాయి. "లేచి నడువు" అనే సంకేతాన్ని మెయిన్ బోర్డు పంపడం లేదు, లేదా సంకేతం అందినా పవర్ బోర్డు 12 ఓల్టుల సరఫరాను ఇవ్వడం లేదు. బయటి నుంచి ఈ రెంటినీ వేరు చేయలేము, మీటరుతో కొలవాల్సిందే. అయితే ఆ ప్రయత్నానికి ముందు ప్లగ్గు తీసి, టీవీ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకుని, పది నిమిషాల తర్వాత తిరిగి పెట్టి చూడడం మంచిది. మెయిన్ బోర్డు సాఫ్ట్‌వేర్ ఎక్కడైనా చిక్కుకుపోయి ఉంటే దీనితో కోలుకోవచ్చు.

మాటలు వినిపిస్తున్నాయి, బొమ్మ రావడం లేదు. ఇది కూడా పవర్ సప్లై లోపమేనా?

గదిలో లైట్లన్నీ ఆపి, టీవీ ఆన్‌లో ఉండగా తెరకు దగ్గరగా టార్చిలైటును ఏటవాలుగా వేసి చూడండి. వెలుగు పడిన చోట బొమ్మ మసకగా కదులుతూ కనిపిస్తే ప్యానెల్, మెయిన్ బోర్డు పనిచేస్తున్నాయి, తెర వెనక వెలగవలసిన బ్యాక్‌లైటు మాత్రం వెలగడం లేదు. ఆ బ్యాక్‌లైటుకు కరెంటు ఇచ్చే డ్రైవర్ భాగం చాలా టీవీలలో పవర్ బోర్డు మీదే ఉంటుంది కనుక లోపం అక్కడ ఉండే అవకాశం ఉంది. కానీ నేనైతే ముందుగా ఎల్ఈడీ స్ట్రిప్పులనే అనుమానిస్తాను. వరుసగా కలిపిన ఎల్ఈడీలలో ఒక్కటి తెగినా డ్రైవర్ తన రక్షణ కోసం మొత్తం వరుసను ఆపేస్తుంది. స్ట్రిప్పులు మార్చాలంటే ప్యానెల్ గాజును పైకి లేపాలి, అది అంచు మీద కాస్త ఒత్తిడి పడినా పగులుతుంది. ఈ ఒక్క పనిని అనుభవం లేనివారు ఇంట్లో చేయకూడదని గట్టిగా చెబుతాను.

ఆన్ అయిన రెండు మూడు సెకన్లకే ఆగిపోతోంది. మళ్లీ తనంతట తానే ఆన్ అవుతోంది. ఎందుకు?

ఏదో ఒక చోట హద్దు మీరడం వల్ల రక్షణ ఏర్పాటు పనిచేస్తోందని దీని అర్థం. ఒక వెలుగు మెరిసి వెంటనే చీకటైతే బ్యాక్‌లైటు వైపు, వెలుగే రాకుండా లోగో దశకు చేరకముందే ఆగిపోతుంటే పవర్ బోర్డు అవుట్‌పుట్ వైపు చూడాలి. లోపలి నుంచి సమాన విరామాలతో "టిక్ టిక్" అని వినిపించడం, స్టాండ్‌బై లైటు ఆ లయలోనే మిణుకుమనడం సాధారణంగా అవుట్‌పుట్‌లో షార్టు ఉందనడానికి గుర్తు: సప్లై లేవడానికి ప్రయత్నిస్తోంది, బరువు మోయలేక పడిపోతోంది, మళ్లీ ప్రయత్నిస్తోంది. కొన్ని కంపెనీల టీవీలలో లైటు ఎన్నిసార్లు మిణుకుమందో లెక్కపెడితే లోపం ఏ విభాగంలో ఉందో తెలుస్తుంది, ఆ పట్టిక మోడల్‌ను బట్టి సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది.

పొద్దున ఆన్ కావడానికి చాలాసేపు పడుతోంది, ఒకసారి వెలిగితే రోజంతా బాగానే ఉంటోంది. పట్టించుకోవాలా?

పట్టించుకోవాలి. ఇది పవర్ బోర్డులోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు (కరెంటును నిలవ చేసే, లోపల ద్రవం ఉండే చిన్న డబ్బాలు) ఎండిపోతున్నాయనడానికి స్పష్టమైన లక్షణం. చల్లగా ఉన్నప్పుడు వాటి అంతర్గత నిరోధం పెరుగుతుంది, కాసేపు కరెంటు పారి వేడెక్కితే తగ్గుతుంది. అందుకే చలికాలంలో ఇబ్బంది ఎక్కువగా కనిపిస్తుంది. ఈ దశలో రెండు మూడు కెపాసిటర్లు మారిస్తే సరిపోతుంది. ఆలస్యం చేస్తే అలలెత్తే ఓల్టేజీ మెయిన్ బోర్డు దాకా వెళ్లి దానిని కూడా పాడుచేయవచ్చు.

వారంటీ ఇంకా ఉంది. నేనే విప్పి చూడవచ్చా?

వద్దు. సీలు చిరిగితే వారంటీ నిరాకరించడానికి కారణం దొరుకుతుంది. బిల్లు, మోడల్ నంబరు, సీరియల్ నంబరు దగ్గర పెట్టుకుని కంపెనీ సర్వీసుకు ఫిర్యాదు చేయాలి. న్యాయమైన స్పందన రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

## మూత విప్పేటప్పుడు

ప్లగ్గు తీసేశాను. ఇక షాకు కొట్టదు కదా?

కొట్టగలదు, ఈ విషయంలో ఎంత జాగ్రత్తగా ఉన్నా తక్కువే. 230 ఓల్టుల ఏసీ కరెంటు బ్రిడ్జి రెక్టిఫయర్ దాటాక దాదాపు 325 ఓల్టుల డీసీగా మారి ఒక పెద్ద కెపాసిటర్‌లో నిలవ ఉంటుంది. పవర్ ఫ్యాక్టర్‌ను సరిచేసే భాగం ఉన్న పెద్ద టీవీలలో అది 380 నుంచి 400 ఓల్టుల వరకు ఉంటుంది. బాగున్న టీవీలో ప్లగ్గు తీసిన తర్వాత ఈ నిలవ కొద్దిసేపట్లోనే ఖర్చయిపోతుంది. చెడిపోయిన టీవీలో అలా జరుగుతుందన్న నమ్మకం లేదు. సరఫరాను నడిపే చిప్పు, అంటే సప్లై ఐసీ, పనిచేయకపోతే ఆ కెపాసిటర్ నుంచి కరెంటు తీసుకునేది ఏదీ ఉండదు కాబట్టి నిలవ చాలాసేపు అలాగే ఉండిపోతుంది. అంటే మనం విప్పే టీవీయే అన్నిటికంటే ప్రమాదకరమైనది. ప్లగ్గు తీశాక పది నిమిషాలు ఆగడం అవసరమే కానీ దాని మీద మాత్రమే ఆధారపడకూడదు. మీటరును డీసీ 600 లేదా 1000 ఓల్టుల రేంజిలో ఉంచి ఆ కెపాసిటర్ రెండు కాళ్ల మధ్య కొలిచి, 10 ఓల్టుల కంటే తక్కువ ఉందని కంటితో చూసిన తర్వాతే బోర్డు మీద చెయ్యి వేయాలి.

ఆ కెపాసిటర్‌ను స్క్రూడ్రైవర్‌తో షార్టు చేస్తే సరిపోదా?

చాలామంది అలాగే చేస్తారు, అయినా అది మంచి పద్ధతి కాదు. పెద్ద నిప్పురవ్వ లేచి స్క్రూడ్రైవర్ మొన కరుగుతుంది, బోర్డు మీది రాగి పూత లేచిపోతుంది, కరిగిన లోహపు తునక కంట్లో పడవచ్చు. 2.2 కిలో ఓమ్‌ల, 10 వాట్ల రెసిస్టర్‌కు రెండు వైపులా ఇన్సులేషన్ ఉన్న తీగలు అతికి, వాటిని కెపాసిటర్ కాళ్లకు నాలుగైదు సెకన్లు ఆనిస్తే నిలవ నెమ్మదిగా దిగిపోతుంది. మామూలుగా వాడే 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఖాళీ కావడానికి ఈ వ్యవధి ధారాళంగా సరిపోతుంది. ఆ తర్వాత కూడా మీటరుతో ఒకసారి నిర్ధారించుకోవాలి.

ఇంట్లో ఆర్‌సీసీబీ (భూమిలోకి కరెంటు లీకైతే లైను తెంచే స్విచ్) ఉంది. అది కాపాడదా?

ఫేజు నుంచి మీ ఒంటి గుండా భూమిలోకి కరెంటు పారితే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లైను తెంచుతుంది. కానీ ఒక చెయ్యి పెద్ద కెపాసిటర్ ప్లస్సు మీద, రెండో చెయ్యి మైనస్సు మీద పడితే కరెంటు భూమిలోకి పోదు, అందువల్ల ఆర్‌సీసీబీకి ఆ సంగతే తెలియదు. ప్లగ్గు తీసి ఉన్నప్పుడు నిలవ ఉన్న కరెంటు విషయంలోనూ అది చేయగలిగింది ఏమీ లేదు. కరెంటు ఉన్న బోర్డు దగ్గర ఒక్క చేతితోనే పనిచేయడం, రబ్బరు చెప్పులు వేసుకోవడం, ఉంగరాలు, గాజులు, గడియారం తీసేయడం, ఇంట్లో మరొకరు దగ్గర ఉండేలా చూసుకోవడం తప్పనిసరి.

పాత పిక్చర్ ట్యూబు టీవీని కూడా ఇలాగే విప్పి చూడవచ్చా?

చూడవద్దు. రంగుల పిక్చర్ ట్యూబు యానోడ్ దగ్గర ఇరవై వేల ఓల్టులకు పైగా ఉంటుంది, టీవీ ఆపిన తర్వాత కూడా ఆ గాజు ట్యూబే కెపాసిటర్‌లా కరెంటును పట్టి ఉంచుతుంది. ట్యూబు మెడకు దెబ్బ తగిలితే పగిలి గాజు చిమ్మే ప్రమాదం కూడా ఉంది. ఆ పని తెలిసిన మెకానిక్‌కు వదిలేయాలి.

ఏయే పనిముట్లు ఉంటే సరిపోతుంది?

డిజిటల్ మల్టీమీటర్, స్టార్ స్క్రూడ్రైవర్, 25 నుంచి 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్, అతుకు వేసే లెడ్డు, అది బాగా అంటడానికి ఫ్లక్సు, పాత లెడ్డును లాగేసే పంపు ఉంటే చాలు. మీటరు ఎంపికలో మాత్రం లోభించకూడదు. చాలా చౌక మీటర్లతో వచ్చే సన్నని తీగలు 325 ఓల్టుల దగ్గర నమ్మదగినవి కావు. ఇంకొక జాగ్రత్త: మీటరు ఎర్ర తీగ 10 ఆంపియర్ల రంధ్రంలో ఉండగా ఓల్టులు కొలవబోతే మీటరే షార్టు తీగగా మారుతుంది. కొలిచే ప్రతిసారీ తీగ ఏ రంధ్రంలో ఉందో ముందు చూసుకోండి.

మూత తీశాను. వీటిలో పవర్ బోర్డు ఏది?

గోడ నుంచి వచ్చే తీగ ఏ బోర్డుకు చేరుతుందో అదే పవర్ బోర్డు. దాని మీద పెద్ద కెపాసిటరు, పసుపు టేపు చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్లు, వేడిని వదిలే అల్యూమినియం రేకులు కనిపిస్తాయి. హెచ్‌డీఎంఐ, యాంటెన్నా పోర్టులు ఉన్నది మెయిన్ బోర్డు. తక్కువ ధర 32 అంగుళాల టీవీలలో ఈ రెండూ ఒకే బోర్డు మీద ఉంటాయి. అలాంటప్పుడు కరెంటు వచ్చే మూలనే పవర్ సప్లై విభాగంగా గుర్తించాలి. ఏ తీగనైనా ఊడదీసే ముందు ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. తెరను మెత్తని దుప్పటి మీద బోర్లా పరిచి, మూత మీద బరువు పడకుండా స్క్రూలు తీయాలి.

## కరెంటు లేకుండా చేసే పరీక్షలు

మీటరు పట్టుకోకముందు కంటితో ఏమేమి చూడాలి?

ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల నెత్తి చదునుగా ఉండాలి. ఉబ్బినా, మీది గాట్ల దగ్గర గోధుమరంగు మరక కనిపించినా, అడుగు నుంచి రబ్బరు తోసుకొచ్చినా ఆ కెపాసిటర్ పోయినట్టే. తర్వాత బోర్డును తిప్పి వెలుగులో ట్రాన్స్‌ఫార్మర్ కాళ్లు, కనెక్టర్ పిన్నులు చూడాలి. పిన్ను చుట్టూ వెంట్రుక వాసి నల్లని వలయం ఉంటే అది పగిలిన అతుకు, దానిని తిరిగి వేడిచేసి లెడ్డు పెడితే టీవీ లేవవచ్చు. భాగాలు కదలకుండా ఫ్యాక్టరీలో వేసిన పసుపు జిగురు ఏళ్ల వేడికి గోధుమరంగులోకి మారితే అది కరెంటును పారనిస్తుంది, కాళ్లను తినేస్తుంది. దానిని జాగ్రత్తగా గీకి తీసేయాలి. మన ఇళ్లలో బల్లులు, చీమలు వెచ్చదనం కోసం ఈ బోర్డు మీదికే చేరతాయి. ఎక్కువ ఓల్టేజీ ఉన్న వైపు రెండు అతుకుల మధ్య బల్లి పడి షార్టయిన సందర్భాలు మెకానిక్‌లకు కొత్త కావు. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాలలో ఉప్పుగాలికి పచ్చగా చిలుమెక్కిన కాళ్లను కూడా వెతకాలి.

ఏ కెపాసిటరూ ఉబ్బలేదు. అంటే అన్నీ బాగున్నట్టేనా?

కాదు. ఉబ్బకుండానే లోపలి ద్రవం ఎండిపోయిన కెపాసిటర్లు చాలా ఉంటాయి. అలాంటి వాటిని మామూలు కెపాసిటెన్స్ మీటరుతో కొలిస్తే విలువ దాదాపు సరిగ్గానే చూపించవచ్చు, పెరిగిపోయిన అంతర్గత నిరోధం (ఈఎస్‌ఆర్) మాత్రం ఈఎస్‌ఆర్ మీటరులోనే కనిపిస్తుంది. అవుట్‌పుట్ వైపు ఉండే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్‌కు అది ఓమ్‌లో పదో వంతుకు అటూ ఇటూగా ఉండాలి. ఒక ఓమ్ దాటితే తీసేయాల్సిందే. ముఖ్యంగా సప్లై ఐసీ పక్కన ఉండే 22 లేదా 47 మైక్రోఫారడ్, 50 ఓల్టుల చిన్న కెపాసిటర్‌ను అందరూ వదిలేస్తారు. ఐసీకి ప్రాణం పోసేది అదే. పెద్ద కెపాసిటర్ మీద 325 ఓల్టులు ఉండి కూడా అవుట్‌పుట్‌లో ఏమీ రానప్పుడు ముందుగా మార్చవలసినది కూడా దానినే. ఈఎస్‌ఆర్ మీటరు లేకపోతే అనుమానం ఉన్న చిన్న కెపాసిటర్లను కొత్తవాటితో మార్చి చూడడమే చౌక, ఎందుకంటే వాటి ధర చాలా తక్కువ.

ఫ్యూజు పోయింది. కొత్తది వేస్తే సరిపోతుందా?

చాలా అరుదుగా సరిపోతుంది. గాజు ఫ్యూజు లోపల నల్లగా మసిబారి ఉంటే దాని వెనక గట్టి షార్టు ఉంది, కొత్త ఫ్యూజు వేసి ప్లగ్గు పెట్టిన క్షణంలోనే అదీ పోతుంది. గాజు శుభ్రంగా ఉండి తీగ నడుమ మాత్రమే తెగి ఉంటే వయసు వల్ల తెగి ఉండవచ్చు. రెండు సందర్భాలలోనూ కొత్త ఫ్యూజు వేయకముందు మీటరును డయోడ్ గుర్తు మీద ఉంచి బ్రిడ్జి రెక్టిఫయర్ నాలుగు కాళ్లను, కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేసే స్విచింగ్ మాస్‌ఫెట్ కాళ్లలో డ్రెయిన్‌కూ సోర్సుకూ మధ్యను పరీక్షించాలి. బాగున్న డయోడు ఒక దిశలో 0.4 నుంచి 0.7 వరకు చూపించి రెండో దిశలో ఏమీ చూపించదు; రెండు దిశల్లోనూ సున్నాకు దగ్గరగా ఉంటే షార్టు. మాస్‌ఫెట్ షార్టయితే దాని సోర్సు దగ్గర ఉండే ఒక ఓమ్ కంటే తక్కువ విలువ గల రెసిస్టరూ, దానిని నడిపే ఐసీ కూడా పోయి ఉండవచ్చు. ఆ రెంటినీ చూడకుండా మాస్‌ఫెట్ ఒక్కటే మారిస్తే అది కూడా మొదటి క్షణంలోనే పేలుతుంది.

ఫ్యూజు దొరకలేదు. తాత్కాలికంగా సన్నని రాగి తీగ చుట్టవచ్చా?

చుట్టకూడదు. ఆ తీగ కరిగేలోపు బోర్డు కాలిపోతుంది, ప్లాస్టిక్ మూతకు, కర్టెన్లకు నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. పాత ఫ్యూజు మీద ముద్రించిన ఆంపియర్లు, 250 ఓల్టులు, మొదట ఉండే టీ అక్షరం అన్నీ సరిపోలాలి. టీ అంటే ఆన్ చేసిన క్షణంలో వచ్చే ఉరవడిని ఓర్చుకునే నిదాన ఫ్యూజు. పింగాణీ ఫ్యూజు ఉన్న చోట పింగాణీదే వేయాలి. ఎక్కువ కరెంటును పగలకుండా తెంచగలిగేలా దానిని చేస్తారు.

ఫ్యూజు పక్కన నీలంరంగు బిళ్ల పగిలి నల్లబడింది. అదేమిటి?

అది వేరిస్టర్. ఓల్టేజీ హద్దు మీరినప్పుడు తాను షార్టయి, ఫ్యూజును తెంచి, మిగతా బోర్డును కాపాడడమే దాని పని. 471 అని రాసి ఉంటే 300 ఓల్టుల ఏసీ వరకు తట్టుకునే రకం. ఇది పగిలి, బ్రిడ్జి, మాస్‌ఫెట్ షార్టు కాకుండా ఉంటే మీకు శుభవార్తే: వేరిస్టర్, ఫ్యూజు మారిస్తే టీవీ లేచే అవకాశం చాలా ఎక్కువ. వేరిస్టర్ తీసేసి ఫ్యూజు ఒక్కటే వేసినా టీవీ నడుస్తుంది కానీ మరోసారి హై ఓల్టేజీ వస్తే కాపాడేది ఏదీ ఉండదు.

## కరెంటు ఇచ్చి చేసే పరీక్షలు

సిరీస్ బల్బు పెట్టి పరీక్షించమంటారు. ఎందుకు?

షార్టు ఇంకా మిగిలి ఉంటే కొత్తగా వేసిన భాగాలు పేలకుండా కరెంటును హద్దులో ఉంచడానికి. 60 లేదా 100 వాట్ల పాతరకం ఫిలమెంటు బల్బును ఫేజు తీగలో వరుసగా కలిపి, దాని తర్వాత టీవీని కలపాలి. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. బల్బు ఒకసారి మెరిసి ఆరిపోతే పెద్ద షార్టు లేదు. పూర్తి కాంతితో వెలుగుతూనే ఉంటే షార్టు ఉంది, వెంటనే ఆపేయాలి. టీవీ బ్యాక్‌లైటు కూడా వెలగబోతే బల్బు కాస్త ఎర్రబడి టీవీ తిరిగి ఆగిపోవచ్చు, అది లోపం కాదు. ఈ పరీక్ష స్టాండ్‌బై వరకే నమ్మదగినది.

కొలిచేటప్పుడు మీటరు నల్ల తీగ ఎక్కడ ఆనించాలి?

బోర్డు మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ కింద ఒక మందపాటి గీత గానీ, ఖాళీ చీలిక గానీ ఉంటుంది. దానికి ఒక వైపు గోడ కరెంటుతో నేరుగా కలిసి ఉండే హాట్ గ్రౌండ్, మరో వైపు టీవీ రేకుతో (బోర్డులు బిగించిన లోహపు చట్రంతో) కలిసి ఉండే కోల్డ్ గ్రౌండ్. మొదటి వైపు కొలతలకు పెద్ద కెపాసిటర్ మైనస్సును, రెండో వైపు కొలతలకు టీవీ రేకును లేదా కనెక్టర్ మీది గ్రౌండ్ పిన్నును ఆధారంగా తీసుకోవాలి. ఆధారం తప్పితే మీటరులో అర్థంలేని అంకెలు వస్తాయి, బాగున్న బోర్డును పోయిందనుకుంటాం. కరెంటు ఉన్నప్పుడు ఈ రెండు గ్రౌండ్లను ఏ కారణంతోనూ తీగతో కలపకూడదు. రెండో వైపు కూడా బ్యాక్‌లైటు కనెక్టర్ దగ్గర వంద ఓల్టులకు పైగా ఉండవచ్చని గుర్తుంచుకోండి.

లోపం పవర్ బోర్డుదా, మెయిన్ బోర్డుదా? ఎలా తేల్చాలి?

రెండు బోర్డులను కలిపే కనెక్టర్ దగ్గరే జవాబు ఉంది. దాని పక్కన 5వీ, 12వీ, పీఎస్-ఆన్ (పవర్ బోర్డును లేపే సంకేతం), బీఎల్-ఆన్ (బ్యాక్‌లైటును వెలిగించే సంకేతం) వంటి పేర్లు ఆంగ్ల అక్షరాలలో ముద్రించి ఉంటాయి. టీవీకి కరెంటు ఇచ్చి ముందు స్టాండ్‌బై పిన్నును కొలవాలి. బోర్డును బట్టి 5 లేదా 3.3 ఓల్టులు నిలకడగా ఉండాలి. కొన్ని చిన్న టీవీలలో విడిగా స్టాండ్‌బై సరఫరా లేకుండా 12 ఓల్టులు ఎప్పుడూ ఉంటాయి. ఆ ఓల్టేజీ లేకపోతే మెయిన్ బోర్డు తీగను ఊడదీసి మళ్లీ కొలవండి. తీగ తీయగానే ఓల్టేజీ వస్తే షార్టు మెయిన్ బోర్డులో ఉన్నట్టు, తీసినా రాకపోతే లోపం పవర్ బోర్డుదే.

స్టాండ్‌బై బాగుంటే తీగను తిరిగి పెట్టి పీఎస్-ఆన్ పిన్ను మీద మీటరు ఉంచి రిమోట్ నొక్కాలి. చాలా బోర్డులలో సున్నా దగ్గర ఉన్న ఓల్టేజీ 2.5 నుంచి 5 మధ్యకు లేస్తుంది, కొన్నింటిలో పైనుంచి కిందికి పడుతుంది. ఏదైనా మార్పు కనిపించడమే ముఖ్యం. మార్పు కనిపించి కూడా 12 ఓల్టులు రాకపోతే పవర్ బోర్డును బాగుచేయాలి. మార్పే లేకపోతే పవర్ బోర్డు నిర్దోషి, దానిని మార్చడం డబ్బు వృథా. 12 ఓల్టులు కూడా స్థిరంగా వచ్చి, బీఎల్-ఆన్ సంకేతం అందినా తెర వెలగకపోతే బ్యాక్‌లైటు డ్రైవరునో స్ట్రిప్పులనో చూడాలి.

## భాగాలు మార్చేటప్పుడు, ఆ తర్వాత

అదే విలువ కెపాసిటర్ దొరకలేదు. దగ్గరి విలువ వేయవచ్చా?

ఓల్టేజీ అంతే ఉండాలి లేదా ఎక్కువ ఉండవచ్చు, తక్కువ ఎప్పుడూ కూడదు. 1000 మైక్రోఫారడ్, 10 ఓల్టుల స్థానంలో 16 ఓల్టులది వేయడం మంచిదే. విలువను మాత్రం మార్చకుండా ఉండడం ఉత్తమం. 105 డిగ్రీల, తక్కువ ఈఎస్‌ఆర్ రకమే తీసుకోవాలి. 85 డిగ్రీలది ఆ వేడిలో ఎక్కువ కాలం నిలవదు. పక్కన తెల్ల చార ఉన్న కాలు మైనస్సు. తిప్పి వేస్తే పేలుతుంది. హైదరాబాద్‌లో ఇలాంటి విడిభాగాలకు కోఠీలోని గుజరాతీ గల్లీ చిరకాలంగా ప్రసిద్ధి. పాత బోర్డుల నుంచి ఊడదీసి శుభ్రం చేసిన కెపాసిటర్లు కూడా అమ్మకానికి వస్తుంటాయి కనుక కాళ్లు పొడవుగా, లెడ్డు అంటకుండా ఉన్నాయో లేదో చూసి కొనాలి.

బోర్డు మొత్తం మార్చాలంటే టీవీ మోడల్ నంబరు చెబితే చాలా?

చాలదు. ఒకే మోడల్ పేరుతో వచ్చిన టీవీలలో కూడా వేర్వేరు ప్యానెళ్లు, వేర్వేరు బోర్డులు ఉంటాయి. బోర్డు మీద స్టిక్కరుగానూ అచ్చుగానూ ఉన్న నంబర్లను రెంటినీ, కనెక్టర్ పిన్నుల వరుసను సరిచూడాలి. పవర్ సప్లై, మెయిన్ బోర్డు కలిసి ఉన్న రకమైతే ప్యానెల్ నంబరు కూడా కలవాలి, లేకపోతే బొమ్మ తలకిందులుగానో రంగులు తారుమారుగానో వస్తుంది.

మెకానిక్ యూనివర్సల్ మాడ్యూల్ (చాలా టీవీలకు సరిపోయేలా చేసిన పవర్ బోర్డు) వేస్తానంటున్నారు. ఒప్పుకోవచ్చా?

అసలు బోర్డు దొరకని పాత టీవీకి అది న్యాయమైన పరిష్కారమే. అయితే మాడ్యూల్ శక్తి టీవీ వెనక రాసి ఉన్న వాట్లకు సరిపోవాలి, బ్యాక్‌లైటు కరెంటును ఎల్ఈడీ స్ట్రిప్పుల స్థాయికి మించకుండా అమర్చాలి, బోర్డును రేకుకు తగలకుండా ఇన్సులేషన్ మీద గట్టిగా బిగించాలి. ఈ మూడింటినీ పని పూర్తయ్యే ముందే అడిగి చూడండి.

హై ఓల్టేజీ వచ్చి మా వీధిలో చాలా టీవీలు ఒకేసారి పోయాయి. స్టెబిలైజర్ ఉంటే ఆగేదా?

ఇది ఎక్కువగా స్తంభం మీద న్యూట్రల్ తెగడం వల్ల జరుగుతుంది. మూడు ఫేజుల లైనులో న్యూట్రల్ తెగితే రెండు ఫేజుల మీద ఉన్న ఇళ్లు వరుసలో కలిసినట్టయి, తక్కువ వాడకం ఉన్న ఇంటికి 230 బదులు 400 ఓల్టుల దాకా రావచ్చు. హై ఓల్టేజీకి లైను తెంచే కటాఫ్ ఉన్న స్టెబిలైజర్ దీని నుంచి కాపాడగలదు. లో ఓల్టేజీ కోసమైతే నేటి టీవీలకు అంత అవసరం లేదు, ఎందుకంటే చాలావాటి వెనక 100 నుంచి 240 ఓల్టులు అని రాసి ఉంటుంది. పిడుగుల విషయం వేరు: డిష్ లేదా కేబుల్ తీగ గుండా, అక్కడి నుంచి హెచ్‌డీఎంఐ గుండా కూడా దెబ్బ తగులుతుంది కాబట్టి ఉరుములు మొదలు కాకముందే ప్లగ్గుతో పాటు ఆ తీగలనూ ఊడదీయాలి.

పోయిన బోర్డును ఏం చేయాలి?

వెంటనే పారేయకండి. అదే రకం ట్రాన్స్‌ఫార్మర్, కనెక్టర్ విడిగా దొరకనప్పుడు పాత బోర్డే ఆధారమవుతుంది, చాలా దుకాణాలు దానిని బదులుగా తీసుకుని కొత్త బోర్డు ధర తగ్గిస్తాయి. అక్కరలేదనుకుంటే మున్సిపల్ చెత్తలో కలపకుండా నమోదైన ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి ఇవ్వాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాల కింద టీవీ తయారీదారులకు రీసైక్లింగ్ బాధ్యత ఉంది కనుక కంపెనీ సర్వీసు కేంద్రాన్ని అడిగితే ఎక్కడ ఇవ్వాలో చెబుతారు.